ద్రాక్షతొట్టి గడప దగ్గర అడిగిన మాట

పోర్చుగల్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా ఆర్.కె.పురం క్వార్టర్లలో అందరూ నన్ను రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. “గోవాలాగే ఉంటుందా?” అనేది మొదటిది. “వైన్ తాగారా?” అనేది రెండోది. రెండోది అడిగేటప్పుడు ఆంటీలు గొంతు తగ్గిస్తారు, అంకుల్స్ కన్ను గీటుతారు. గోవాలాగా ఉండదు. నేను తాగలేదు. కానీ తొక్కాను. ఆ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను. అందమైన కొండలు, చల్లని గాలులు అని రాయడం నాకూ వచ్చు. కానీ వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా ఏదో ఒకదానికి నా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంటతోనే రాస్తాను, ఏమీ అనుకోకండి.

మాది తెనాలి వైపు. బాపట్లలో వ్యవసాయం చదివాను. పెళ్ళయ్యాక ఢిల్లీ వచ్చి, కేంద్ర ప్రభుత్వంలో తోటల విభాగంలో చేరాను. ఏళ్ళ తరబడి నా బల్ల మీదికి వచ్చేవి ద్రాక్ష ఫైళ్ళే. హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్ళ మీద కాసే ద్రాక్షకి ఏ తెగులు వచ్చినా ముందు నాకు తెలిసేది, తర్వాత మా పైవాళ్ళకి తెలిసేది. ఏషియాడ్ అయిన మరుసటి ఏడు, పోర్చుగల్ కొండల్లో చిన్న రైతులు ద్రాక్ష ఎలా పండించి బతుకుతున్నారో చూసి రమ్మని ఇద్దర్ని పంపారు. ఒకరు మా ఆఫీసరు సక్సేనా గారు. రెండోది నేను.

పోర్తు: బూట్ల షాపులు

పోర్తు పెద్ద ఊరు. నది ఒడ్డున రాతి ఇళ్ళు, ఇళ్ళ గోడలకి నీలం బొమ్మల పలకలు, కిటికీల్లో ఆరేసిన దుప్పట్లు. చాందినీ చౌక్ గల్లీలని కొండ మీదికి ఎక్కించి, రద్దీ తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. కాఫీ ఇరవై ఎస్కుడోలు, మన లెక్కలో రెండు రూపాయల దాకా. ఇచ్చే కప్పు చూస్తే మా అమ్మాయి శైలు చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతంత ఉంది. ఇంకో కప్పు అడిగితే మళ్ళీ ఇరవై తీసుకున్నారు. నాలుకకి అంటనైనా లేదు.

సక్సేనా గారికి రెండో రోజు పొద్దున్న నడుం నొప్పి వచ్చింది. కొండలెక్కే రైలు ప్రయాణం తన వల్ల కాదన్నారు. “మిసెస్ మూర్తీ, గాఁవ్-వాఁవ్ ఆప్ దేఖ్ లీజియే, ఆప్‌కో తో ఆదత్ హై” అన్నారు. పల్లెటూళ్ళు చూడటం నాకు అలవాటేనట. అదే నడుంతో ఆయన అప్పటికే మూడు బూట్ల షాపులు ఎక్కి దిగారు. అక్కడ తోలు మంచిదట, చవకట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, “ఠీక్ హై సర్” అనేశాను. ఇరవై ఏళ్ళ ఢిల్లీ ఉద్యోగం నేర్పే మాట అదొక్కటే.

నాకు తోడుగా అక్కడివాళ్ళు ఒక దుబాసీని ఇచ్చారు. పేరు అల్వారో. గోవా మనిషి, డెబ్బై ఏళ్ళుంటాయి. కుర్రతనంలో బొంబాయిలో చదువుకుని, తర్వాత పోర్చుగల్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. బొంబాయి హిందీ ఇంకా పోలేదు. నన్ను చూడగానే “ఆవో బేటీ!” అన్నాడు. అంత దూరంలో ఆ మాట వినేసరికి నా కోపం కాసేపు చల్లారింది. అల్వారో అంకుల్ అని పిలిచాను.

నది పక్క రైలు

దోరు అనే నదిని ఆనుకుని రైలు వెళుతుంది. కొండలన్నీ కింది నుంచి పైదాకా మెట్లు మెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టుకీ రాతి కట్టు కట్టి, దాని మీద ద్రాక్ష పెట్టారు. మట్టి కాదది, పలకరాయి. రాయి పగలగొట్టి ఆ బెత్తికల్లో మొక్క నాటుతారు. మన రైతుకి చూపిస్తే ‘వీళ్ళకి వేరే పనిలేదా’ అంటాడు. పిన్యావ్ అనే చిన్న స్టేషన్లో దిగాం. స్టేషను గోడల నిండా నీలం పలకల మీద ద్రాక్ష కోతల బొమ్మలు. ఆడవాళ్ళు వంగి గుత్తులు కోస్తున్నట్టు, మగవాళ్ళు నుదుటి పట్టీతో బుట్టలు వీపున మోస్తున్నట్టు, మగవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని తొట్టిలో తొక్కుతున్నట్టు.

“తొట్టిలో ఆడవాళ్ళు లేరేం అంకుల్?” అని అడిగాను.

“ఉండరు బేటీ” అన్నాడు.

“ఎందుకని?”

“ఐసా హీ హై, అంతే” అని సూట్‌కేసు అందుకున్నాడు. మన ప్రశ్నకి సమాధానం తెలిసీ చెప్పనివాళ్ళు ఏ దేశంలోనైనా ఆ మాటే అంటారు.

స్టేషను ఎదురు హోటల్లో నేను మాంసం తిననని అంకుల్ పదిసార్లు చెప్పాడు. వాళ్ళు పదిసార్లు తల ఊపారు. ఆకుకూరని సేమ్యా కంటే సన్నగా తరిగి బంగాళాదుంపల గుజ్జులో వేసిన పులుసు వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. గరిటె పెట్టి కలిపేసరికి అడుగు నుంచి పంది మాంసం బిళ్ళ ఒకటి పైకి తేలింది. ఇదేమిటంటే, “అది మాంసం కాదమ్మా, రుచి కోసం వేసిన ఒక్క ముక్క” అన్నాడు హోటలతను, నొచ్చుకుంటూ. నేను గిన్నె అవతలికి తోసి, మొక్కజొన్న రొట్టె, ఆలివ్ కాయలు తిని లేచాను. బిల్లులో పులుసు డబ్బులు కూడా వేశారు.

నల్ల కుండలు, పావురాల ఇళ్ళు

ఆ లోయకి వెళ్ళినవాళ్ళు పడవలెక్కుతారు, వైన్ కొంటారు, తిరిగి వస్తారు. నేను చూసినవి ఎవరూ చూడరు కాబట్టి ఇవి కూడా రాస్తాను. కొండల మీద ఒక కుమ్మరి ఊరు ఉంది. అక్కడ కుండలు గోతిలో పెట్టి, కంప వేసి కాల్చి, మంట మీద ఉన్నప్పుడే మట్టితో కప్పేస్తారు. పొగంతా లోపలే తిరిగి కుండలు నల్లగా నిగనిగలాడుతూ బయటికి వస్తాయి. భర్త సారె తిప్పుతాడు. భార్య గులకరాయితో రోజంతా రుద్ది నునుపు తెచ్చి, దాని మీద పువ్వులు గీస్తుంది. కొనేవాళ్ళు చూసి కొనేది ఆ పువ్వుల్నే. గుమ్మం మీద బోర్డులో మాత్రం భర్త పేరొక్కటే ఉంది. ఆవిడ పేరు ఏమిటని అడిగితే ఆయనే చెప్పాడు, ఆవిడని చెప్పనివ్వలేదు.

ఇంకాస్త పైకి వెళితే గుర్రపు నాడా ఆకారంలో తెల్లటి సున్నం కొట్టిన చిన్న చిన్న ఇళ్ళు పొలాల మధ్య కనిపించాయి. మనుషులవి కావు, పావురాలవి. లోపల గోడల నిండా గూళ్ళు. ఆ రెట్ట ఎరువుగా ద్రాక్షకి వేస్తారు. మా క్వార్టరు వెనక బాల్కనీలోనూ పావురాలున్నాయి. నెలకి మూడు రోజులు వాటికీ నాకూ అక్కడ సహవాసం. మా అత్తగారికి ఆచారం ఎక్కువ. బయట చేరినప్పుడు వంటింటి గడప తొక్కకూడదు, ముఖ్యంగా ఊరగాయ జాడీ జోలికి పోకూడదు. రెండు గదుల సర్కారు ఫ్లాటులో ఇంకెక్కడ కూర్చుంటాను? ఆ బాల్కనీలోనే చాప, కంచం, చెంబు, ఆఫీసు ఫైళ్ళు. ఆఫీసుకి వెళితే తప్పులేదట, డి.టి.సి. బస్సులో వందమందిని తాకినా తప్పులేదట. జాడీకే తప్పట.

గ్రాసా తోట

మేం ఉండాల్సిన తోట పిన్యావ్ నుంచి గంటసేపు కొండెక్కితే వచ్చే ఊళ్ళో ఉంది. యజమానురాలు గ్రాసా. నా ఈడుదే, నలభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు. ఎండకి కమిలిన మొహం, మగవాళ్ళ బూట్లు, నడిస్తే నేల అదురుతుంది. చూడగానే నచ్చింది. తండ్రి ఆ వసంతంలోనే పోయాడు. అన్న ఫ్రాన్సులో ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు. తోటలో సగం అతనిది.

భోజనాల దగ్గర గ్రాసా చెప్పింది, అంకుల్ నాకు చెప్పాడు. “ఆడదానివి, నీ వల్ల కాదు, అమ్మేద్దాం అంటున్నాడు మా అన్న. ఈ ఒక్క పంటకి గడువిచ్చాడు. ఈ ఏటి వైన్‌ని పోర్తు వ్యాపారి రుచి చూసి తీసుకుంటే తోట నాకు వదిలేస్తాడు. వైన్ చెడిందా, చలికాలంలో అమ్మకమే. అమ్మా నేనూ ఎక్కడికి పోతామో దేవుడికే తెలియాలి.”

పక్కనే వాళ్ళమ్మ ఎర్మీనియా కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. నల్ల గౌను, నల్ల శాలువా, నెత్తిన నల్ల గుడ్డ. నా కంచంలో మాంసం లేకపోవడం చూసి, లేచి వెళ్ళి కాల్చిన చెస్ట్‌నట్ కాయలూ, మన తాండ్రలా గడ్డకట్టిన పండు గుజ్జు ముక్కా తెచ్చి పెట్టింది. తినేదాకా ఎదురుగా నిలబడింది. అడగకుండా ఆకలి కనిపెట్టిన మనిషి ఆ దేశంలో ఆవిడ ఒక్కతే.

మర్నాడు కోత. దూరపు కొండ ఊళ్ళ నుంచి కూలి జట్టు వచ్చింది. డప్పు, అకార్డియన్ వాయించుకుంటూ వచ్చారు. జట్టు మేస్త్రి జువాకీం, మెలేసిన మీసాలు. ఆడవాళ్ళు వంగి కోస్తారు, మగవాళ్ళు మోస్తారు. మగవాడికి మూడొంతులు ముడితే ఆడదానికి రెండొంతుల కూలి. మా వైపు నాట్లలోనూ ఇంతే కదా, ఇక్కడేమిటీ దరిద్రం అని అంకుల్‌ని అడిగితే, పదేళ్ళ కిందట విప్లవం వచ్చిందనీ, చట్టం మారిందనీ చెప్పాడు. చట్టం రైలెక్కి ఈ కొండదాకా రాలేదు కాబోలు. నేను కొంగు బిగించి మధ్యాహ్నందాకా వాళ్ళతో కోశాను. ఎండ మా గుంటూరు ఎండలాగే ఉంది.

గడప

సాయంత్రానికి తొట్టి నిండింది. నల్లరాతి తొట్టి, మన వీధి అరుగంత ఎత్తు, నాలుగు మంచాలు పట్టేంత వెడల్పు. నేను నా గాజు గొట్టం తీసి, మోచేతుల దాకా చెయ్యి ముంచి, అక్కడా ఇక్కడా రసం తీసి తీపి కొలిచాను. వచ్చింది ఆ పనికే. అంత తీపి మన ద్రాక్షలో నేనెప్పుడూ చూడలేదు. గ్రాసాకి చెబితే నన్ను కావలించుకుంది.

మగవాళ్ళు పంట్లాలు పైకి మడిచి, కాళ్ళు కడుక్కుని వరసలో నిలబడ్డారు. ఎర్మీనియా ముసలమ్మ చిన్న స్టూలు తెచ్చుకుని తొట్టి గది గడప దగ్గర కూర్చుంది. చివరి బుట్టలు లోపలికి తెస్తున్న ఒక్కో ఆడమనిషినీ ఆపి ఏదో అడుగుతోంది. వాళ్ళు కాదన్నట్టు తల ఊపి లోపలికి వెళుతున్నారు. ఆవిడ నావైపు తిరిగి అదే అడిగింది.

అంకుల్ మొహం ఎర్రబడింది. పైకప్పు చూశాడు. తర్వాత తన బూట్లు చూసుకున్నాడు. “జానే దో బేటీ, ఏమీ లేదు” అన్నాడు.

ఆయన చెప్పనక్కర్లేదు. ఆ అడగడం నాకు తెలుసు. కళ్ళు కిందికి దించి, గొంతు తగ్గించి, అరచెయ్యి గుమ్మానికి అడ్డం పెట్టి అడగడం ఇరవై ఏళ్ళుగా మా వంటింటి గడపలో చూస్తున్నాను. రామేశ్వరం వెళ్ళినా శనేశ్వరం వదల్లేదంటారే, సముద్రాలు దాటి వచ్చాను, పాస్‌పోర్టు మీద ముద్రలు వేయించుకున్నాను, నా కోసం ఆ ప్రశ్న అక్కడ స్టూలేసుకుని కూర్చుని ఉంది!

ఆ రోజు నాకు రెండో రోజు. లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. మా అత్తగారి దగ్గర కూడా ఎన్నడూ అబద్ధం చెప్పలేదు నేను. చెప్పలేక కాదు, ఎందుకు చెప్పాలని. పోర్చుగీసులో నాకు వచ్చిన నాలుగు మాటల్లో ‘అవును’ ఒకటి. “సిఁ” అన్నాను, గది మారుమోగేటట్టు.

అంకుల్ తల పట్టుకున్నాడు. ముసలమ్మ నా చేతులు చూసింది. మోచేతుల దాకా ఎర్రగా రసం. తొట్టి వైపు చూసి శిలువ గుర్తు వేసుకుంది. జువాకీంకి అర్థమైపోయింది. అతను మడిచిన పంట్లాం కిందికి దించి బయటికి నడిచాడు. జట్టంతా అతని వెనకే వెళ్ళి పిట్టగోడ మీద కూర్చుని చుట్టలు ముట్టించారు. ముట్టు చెయ్యి పడిన తొట్టి పులిసి పాడవుతుందట, అందులో కాలు పెట్టినవాడి కాళ్ళు పట్టేస్తాయట.

కట్టెల చాటున

గ్రాసా నా మణికట్టు పట్టుకుని కట్టెల మోపుల వెనక్కి లాక్కుపోయింది. కావలించుకున్న మనిషే ఇప్పుడు కొడుతుందేమో అనిపించింది. అంకుల్ మాకు వీపు పెట్టి నిలబడి, గోడకి చెబుతున్నట్టు నాకు చెప్పాడు.

“నీకు బుద్ధుందా? లేదని చెప్పొచ్చుగా!”

“ఎందుకు చెప్పాలి?” అన్నాను. “నేనేం దొంగతనం చేశానా?”

“నేను చెబుతున్నానుగా! పదిహేనేళ్ళ నుంచి ఆ గడపలో మా అమ్మకి లేదనే చెబుతున్నాను. నాన్నకి కళ్ళు మసకబారాక తొట్టిలో చెయ్యిపెట్టి వేడి చూసేది ఎవరనుకున్నావు? నేనే. ఏ రోజయినా నేనే. ఒక్క ఏడు చెడలేదు. నీ నిజం నువ్వు పట్టుకుని విమానం ఎక్కుతావు. నా తోట పోతుంది!”

అంతా విన్నాను. కోపం మాత్రం పోలేదు. “మరి ఆ మాట వాళ్ళకి చెప్పు” అన్నాను. “పదిహేనేళ్ళు తాగారుగా, చెప్పు!”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నిజంగానే వెళ్ళి గోడ ముందు నిలబడి చెప్పేసింది. అందరి ముందూ, తల్లి ముందూ. చుట్టలు ఆగిపోయాయి. “జువాకీం, నీ కూతురి పెళ్ళిలో పోసిన వైన్ గుర్తుందా? మా ఊళ్ళో ఇంత మంచిది ఎప్పుడూ తాగలేదన్నావు. ఆ ఏడు తొట్టిలో చెయ్యి పెట్టిన రోజున నేను అలాగే ఉన్నాను.”

జువాకీం చుట్ట ఆర్పాడు. “తెలియక తాగింది వేరు, తెలిసి తొక్కడం వేరు” అన్నాడు. అచ్చం మా ఊరి పురోహితుడి తర్కం. వీడు తెనాలిలో పుట్టాల్సినవాడు అనుకున్నాను.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. కోసిన ద్రాక్ష ఆగదు. ఆ వేడికి అడుగున నలిగిన పళ్ళు అప్పటికే బుడగలు తీస్తున్నాయి, పైన పళ్ళు చెక్కు చెదరకుండా ఉన్నాయి. అన్నీ ఒకేసారి చితకాలి. లేకపోతే సగం పులిసి, సగం పచ్చిగా ఉండి, రెండు రోజుల్లో అంతా పుల్లటి కల్లులా తయారవుతుంది. ఈగలు అప్పుడే మూగుతున్నాయి. పక్క ఊరి నుంచి ఇంకో జట్టుని తేవాలంటే రేపటికి గానీ కాదు. గ్రాసా మొహం పాలిపోయింది. ముసలమ్మ స్టూలు తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, తొట్టి గదికి వీపు పెట్టి కూర్చుంది. కూతురి అబద్ధం ఆవిడకి దెబ్బలా తగిలింది. అది నాకు కనిపించింది గానీ అప్పుడు జాలిపడే తీరిక లేదు.

తొక్కుడు

గ్రాసా బూట్లు విప్పింది. గౌను నడుముకి దోపుకుని, కాళ్ళు కడుక్కుని తొట్టిలోకి దిగింది. నేను చీర కచ్చ పోసి బిగించి దిగాను. ఎలాగూ నా చెయ్యి పడిందిగా, కాలు పడితే ఇంకేం పోతుంది? బుట్టలు కడుగుతున్న ఒక లావుపాటావిడ మమ్మల్ని చూసి, చేతిలో బుట్ట విసిరేసి వచ్చింది. ఆవిడ వెనక మరో ఇద్దరు. ఆ తర్వాత కోత ఆడవాళ్ళంతా దిగారు. గోడ మీద నుంచి మగవాళ్ళు ఏవేవో కూశారు. అంకుల్ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాదాల కింద చల్లగా జారుతుంది, పిక్కల దగ్గర వెచ్చగా ఉంటుంది. తొడిమలు గుచ్చుకుంటాయి. నాట్ల బురద నయం, అందులో కాలు దిగితే తీసుకోవచ్చు. ఇక్కడ తొడలదాకా దిగబడి, ఒక్కో అడుగు పెకలించుకోవాలి. స్టేషను బొమ్మలో మగవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకున్నది సరదాకి కాదని పది అడుగుల్లో తెలిసింది. మేమూ వేసుకున్నాం. కానీ ఒకరు కుడి అంటే ఒకరు ఎడమ. లావుపాటావిడ జారితే మేమంతా కూలబడ్డాం. నా చీర, జుట్టు, మొహం ఎర్రబడిపోయాయి. గోడ మీద నవ్వులు. రెండోసారి లేచాం, మళ్ళీ కలవలేదు. గ్రాసా లెక్క చెప్పబోయింది, ఆయాసానికి గొంతు రాలేదు. తొట్టిలో ఒక మూల చితికింది, మూడు మూలలు అలాగే ఉన్నాయి. గ్రాసా కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు వాకిట్లో కర్ర చప్పుడైంది. ముసలమ్మ ఇటు తిరగలేదు. వీపు అలాగే ఉంది. చేతికర్రతో రాతి నేల మీద కొడుతూ, బొంగురు గొంతుతో, “ఒకటి... రెండు... ఎడమ... కుడి...” అని వాళ్ళ భాషలో పిలవడం మొదలుపెట్టింది. మేం తప్పితే కర్ర గట్టిగా కొట్టి, మళ్ళీ మొదటి నుంచి పిలిచింది. యాభై పంటలు ఆ గడప బయట కూర్చుని విన్న మనిషికి, లోపల అడుగు తప్పితే శబ్దంలోనే తెలిసిపోతోంది. ఆచారం ఆవిడకి ప్రాణమే. కానీ ద్రాక్ష పాడవుతుంటే వింటూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. దీపాలు పెట్టేవేళకి తొట్టిలో ఒక్క పండు కూడా పూర్తిగా మిగల్లేదు. ఆవిడ గొంతు పూర్తిగా పోయింది.

తొక్కుడు అయ్యాక పాట ఉంటుందట అక్కడ. జువాకీం జట్టులో ఒకతను అకార్డియన్ అందుకున్నాడు. తొక్కనన్నవాళ్ళకి వాయించడానికి మాత్రం అడ్డేమీ లేదట!

కూలి

మర్నాడు పొద్దున్న కూలి పంచారు. గోడ మీద కూర్చుని చుట్టలు కాల్చిన మగవాళ్ళకి మగ కూలి ఇచ్చారు. తొడలదాకా దిగి తొక్కిన ఆడవాళ్ళకి ఆడ కూలి ఇచ్చారు. నేను గ్రాసా మీద విరుచుకుపడ్డాను. నీ తోట నిలబెట్టింది వాళ్ళు, నీకు సిగ్గులేదా అన్నాను.

“వచ్చే ఏడు బుట్టలు మోసేది జువాకీం జట్టే” అంది గ్రాసా. “అతను రానంటే ఈ కొండకి ఎవరూ రారు.”

ఆవిడ చెప్పింది నిజమే. నిజమైనందుకు నాకు ఇంకా మండింది. ఆవిడతో సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పకుండా బండెక్కాను. ముసలమ్మ బయటికి వచ్చి, నావైపు చూడకుండా, పండు గుజ్జు ముక్క పొట్లం కట్టి అంకుల్ చేతిలో పెట్టింది. రైల్లో నా పాదాలు చూసి ఎదురుగా కూర్చున్నావిడ జరిగి కూర్చుంది. ఆ రంగు ఢిల్లీ చేరాక కూడా వదల్లేదు.

సక్సేనా గారి నడుం నొప్పి నాలుగు జతల బూట్లతో నయమైంది. నేను రాసిన రిపోర్టు మీద ఆయన సంతకం చేశారు. ఆడకూలి, మగకూలి గురించి రాసిన పేరా మాత్రం “నాట్ రిలవెంట్” అని కొట్టేశారు.

ఆర్.కె.పురం

కొత్త సంవత్సరం కార్డు మీద అల్వారో అంకుల్ నాలుగు ముక్కలు రాశాడు. వ్యాపారి రుచి చూశాడట, మొత్తం తీసుకున్నాడట. గ్రాసావాళ్ళ అన్న తన మాట నిలబెట్టుకున్నాడట. జువాకీం కూడా ఒక గ్లాసు తాగి, “రాతితొట్టి మంచిది, అందుకే కుదిరింది” అన్నాడట. ఆ చివరి ముక్క చదివి నేను కార్డు బల్ల మీద విసిరేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ మా అమ్మాయి శైలు జాడీ తేవడానికి వంటింట్లోకి వెళుతుంటే, అత్తగారు గడప దగ్గర ఆపి, చెయ్యి అడ్డం పెట్టి అడిగారు. “శైలూ, బానే ఉన్నావా తల్లీ?”

“హాఁ నానమ్మా, ఠీక్ హూఁ” అని చలాకీగా లోపలికి వెళ్ళిపోయింది. నాకు తెలుసు, అది ఠీక్ కాదు. పొద్దున్న బకెట్లో నానేసిన బట్టలు నేనే చూశాను.

తర్వాత గదిలోకి లాగి అడిగాను. “ఎప్పట్నుంచే ఈ అబద్ధాలు?”

“హమేషా సే. మొదట్నుంచీ.”

“సిగ్గులేదూ? నేను ఒక్కనాడు చెప్పానా అబద్ధం?”

పదకొండో క్లాసు పిల్ల. నా మొహంలోకి సూటిగా చూసింది. “సచ్ బోల్‌కే ఆప్‌కో క్యా మిలా, మమ్మీ? బాల్కనీ!”

నిజం చెప్పి నీకేం ఒరిగింది, బాల్కనీ తప్ప అని. లెంపకాయ కొట్టినట్టయింది. గ్రాసా కట్టెల చాటున అడిగింది కూడా ఇదే. ఇద్దరి మీదా సమానంగా కోపం వచ్చింది.

వారం తిరక్కుండా నా రోజు వచ్చింది. సెలవురోజు, అందరం ఇంట్లోనే ఉన్నాం. చాప తీసుకోలేదు. నేరుగా వంటింట్లోకి నడిచాను. అత్తగారు పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

“అదేమిటమ్మాయ్, ఇందాక బయట చేరానన్నావు?” అన్నారు కంగారుగా.

“అవునత్తయ్యా. మొదటి రోజు” అన్నాను. హాల్లో ఉన్న మా ఆయన పేపరు మొహానికి అడ్డంగా ఎత్తుకున్నారు. శైలు గుమ్మంలో కొయ్యబారి నిలబడింది. నేను స్టూలెక్కి, ఆవకాయ జాడీ దింపి, గట్టు మీద పెట్టాను. అత్తగారు చిక్కుళ్ళు వదిలేసి గోడ వైపు తిరిగారు. చెంగు తల మీదికి లాక్కున్నారు. ఐ.ఎన్.ఏ. మార్కెట్లో ఒక్కో కాయా నొక్కి చూసి, ఎండలో నిలబడి ముక్కలు కొట్టించి, ఆవిడ పెట్టిన ఆవకాయ అది. అయినా గుడ్డ ముడి విప్పాను. మూత తీశాను. ఆవపిండి ఘాటు గదంతా వచ్చింది. గరిటె కోసం సింకు పక్కన చెయ్యి పెట్టాను, చప్పుడైంది.

“ఆ గరిటె తడిది” అన్నారు అత్తగారు, గోడ వైపు నుంచి తిరగకుండానే. “బూజు పడుతుంది. పై అరలో పొడిది ఉంది, అది తీసుకో.”